కరటకశాస్త్రి శిష్యుడు

కన్యాశుల్కం మీద ఇంతకాలంగా మనం పోట్లాడుకుంటున్నవన్నీ పెద్దవాళ్ల సంగతులే. గిరీశం వట్టి మోసగాడా, లేక తన కాలం కన్న బిడ్డా అని వాదించుకున్నాం. మధురవాణి వంటి వేశ్య లోకంలో వుంటుందా అని వాదించుకున్నాం. సౌజన్యారావు పంతులును గురజాడ మెచ్చుకున్నాడా, వెక్కిరించాడా అన్నది నేటికీ తేలలేదు. ఈ వాదాలన్నిటిలో నాకూ అభిప్రాయాలున్నాయి గాని, ఇక్కడ వాటి జోలికి పోను. ఆ నాటకంలో ఒక కుర్రవాడున్నాడు. అతని పేరు మహేశం. ఆ పేరు గుర్తున్నవాళ్లు తక్కువ. మనకతను కరటకశాస్త్రి శిష్యుడు, అంతే. నేను చదివినంతలో మన విమర్శకులు అతని దగ్గర నవ్వి ముందుకు సాగిపోయారు. ఏడెనిమిదేళ్లుగా తరగతిలో ఈ నాటకం చెబుతున్న నేనూ అక్కడ నవ్వించి సాగిపోయినవాణ్ణే. వెనక్కు తిరిగి అతని మొహం చూడవలసి వచ్చింది రామతీర్థం వెళ్లిన ఒక విహారయాత్ర మూలంగా.

రామతీర్థం విజయనగరానికి పట్టుమని పదిహేను కిలోమీటర్లుండదు. నెల్లిమర్ల మండలంలోని వూరు. దిగువన రామస్వామి గుడి, దాన్ని ఆనుకొని బోడికొండ. కాస్త ఎడంగా గురుభక్తులకొండ, దుర్గకొండ. 1910 ప్రాంతంలో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రీ గురుభక్తులకొండ మీద తవ్వించి బౌద్ధ స్తూపాన్నీ, చైత్యాలనూ, విహారాలనూ వెలికి తీశాడు. దుర్గకొండ గుహలో తూర్పు చాళుక్యరాజు విమలాదిత్యుని నాటి శాసనం వుంది. ఆయనకు గురువైన త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైనాచార్యుడు ఈ కొండకు వచ్చి నమస్కరించినట్టు అందులో వున్నది. బౌద్ధులూ జైనులూ వైష్ణవులూ ఒకరి తర్వాత ఒకరు పాఠాలు చెప్పుకున్న స్థలమన్న మాట. కన్యాశుల్కం రెండవ కూర్పు వెలువడినది 1909లో. ఇక్కడ పలుగూ పారా మోగుతున్న రోజుల్లోనే గురజాడ తన నాటకాన్ని తిరగరాసి అచ్చుకిచ్చాడు. తెలుగు విద్యార్థులకు చూపించటానికి ఇంతకన్న మంచి చోటు మా ప్రాంతంలో లేదు.

మూడేళ్ల కిందట మా విద్యార్థులను అక్కడికి తీసుకుపోయే పని నా మీద పడింది. కార్యాలయం నుంచి ఒక అచ్చు కాగితం వచ్చింది. యాత్రలో ఏ ప్రమాదం జరిగినా కళాశాలకు బాధ్యత లేదని తండ్రి సంతకం చెయ్యాలి. దానితోపాటు నోటిమాటగా ఒక సలహా వచ్చింది: కొండ ఎక్కలేనివాళ్లనూ, జబ్బు మనుషులనూ పట్టికలో పెట్టవద్దు. నేను సలహా పాటించాను. పుట్టుకతో ఒక కాలు పట్టు లేని కుర్రవాడి పేరు కొట్టేశాను. మూర్ఛ వచ్చే అమ్మాయి పేరు కొట్టేశాను. మరో ముగ్గురివి కూడా. తండ్రి సంతకం తేలేనివాళ్లూ, బస్సుకు మూడు వందలు కట్టలేనివాళ్లూ వాళ్లంతట వాళ్లే తప్పుకున్నారు. వాళ్ల పేర్లు నేను కొట్టెయ్యనక్కర లేకపోయింది. చివరికి నా చేతిలో మిగిలినది చాలా క్షేమకరమైన పట్టిక.

బయలుదేరే వుదయం ఆ కాలు పట్టులేని కుర్రవాడు బస్సు దగ్గరకు వచ్చాడు, స్నేహితులను సాగనంపటానికి. నన్ను చూసి అడిగాడు.

"మాస్టారూ, పాఠం కొండ మీద సెప్తారా, కింద సెప్తారా?"

"పైన," అన్నాను.

"కింద సెప్తే నానూ వొద్దును గదా!"

అతని గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. పాఠం పైనే ఎందుకు చెప్పాలో నేను ఆలోచించి నిర్ణయించినది కాదు. పైన శిథిలాలున్నాయి గనుక పైన చెబుతారు, అంతే. అతణ్ణి వదిలేసిన కారణం కొండ ఎత్తు అనుకున్నాను గాని, అసలు కారణం నా సోమరితనం. ఇరుకైన కొండచరియ మీద, ఒక పక్క నిటారు రాయి, మరో పక్క పల్లం వుండగా నలభైమందిని నిలబెట్టి మాట్లాడుతూంటే ఆ కొండ పేరే నన్ను కుట్టింది. గురుభక్తుల కొండట! గురువు మీద భక్తి గల శిష్యుల సంగతి సరే, శిష్యుల సంగతి పట్టించుకున్న గురువులకు కొండ ఎక్కడైనా వుందా?

మహేశం అప్పుడు గుర్తుకు వచ్చాడు.

కథ అందరికీ తెలిసినదే. అగ్నిహోత్రావధానులు తన రెండో కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధానులుకు అమ్మజూపుతాడు. తల్లి వెంకమ్మ నూతిలో దూకుతుంది. ఆమె దుఃఖం చూడలేక కరటకశాస్త్రి ఆ పెళ్లి చెడగొడతానని పూనుకుంటాడు. నాటకాల్లో ఆడవేషాలు వేసే తన శిష్యుడికి ఆడపిల్ల వేషం కట్టి, తాను గుంటూరు శాస్త్రులై, ఆ పిల్లను తక్కువ వెలకు లుబ్ధావధానులుకు అమ్మి పెళ్లి చేస్తాడు. పని సాధించుకు వస్తే తన కూతురునిచ్చి ఇల్లరికం వుంచుకుంటానని కుర్రవాడికి ఆశ పెడతాడు. శిష్యుడు కొన్నాళ్లు ఆ ఇంట్లో వుండి ఒక రాత్రి మాయమవుతాడు. పిల్లను చంపేశాడన్న నేరం లుబ్ధావధానులు మీద పడుతుంది. తర్వాతదంతా పోలీసులూ, ప్లీడర్లూ, మధురవాణీ.

కరటకశాస్త్రి వుద్దేశం మంచిదా? నిస్సందేహంగా మంచిదే. ఒక పసిపిల్ల బతుకు నిలబెట్టటానికి నడుం కట్టాడు. సుబ్బికి ఆ నాటకంలో అంతకు మించిన ఆప్తుడు లేడు. కానైతే ఒక పిల్లను తప్పించటానికి మరొక పిల్లవాణ్ణి ఆమె చోట నిలబెట్టాడు. ఆ పిల్లవాడు తన దగ్గర చదువుకోవటానికి వచ్చినవాడు, తిండికీ విద్యకూ భవిష్యత్తుకూ తన మీద ఆధారపడ్డవాడు. అటువంటివాడు ఒప్పుకుంటే అది ఒప్పుకోలు అవుతుందా? గురజాడ ఇక్కడ మనకంటె తెలివైనవాడు. శిష్యుడి చేత బేరమాడించాడు. గురుభక్తితో తలవూపే కుర్రవాడిని కాక, తన పనికి ధర వుందని తెలిసిన కుర్రవాడిని సృష్టించాడు. పెద్దవాళ్ల లోకం పిల్లలను కొనుగోలు చేసే తీరు, ఒక పక్క కన్యను రూపాయలకు, మరోపక్క శిష్యుణ్ణి పెళ్లి ఆశకు, ఒకే నాటకంలో రెండు మార్లు కనిపిస్తుంది. మనం మొదటిదాన్ని దురాచారమన్నాం. రెండవదాన్ని హాస్యమన్నాం.

ఆ ఇంట్లో పట్టుబడితే ఆ కుర్రవాడి గతేమిటి? లుబ్ధావధానులు సహించే మనిషి కాదు. రామప్పపంతులు అంతకన్నా కాదు. చావుదెబ్బలో, మోసం కేసో తప్పవు. దానికన్న వెనక మరొక సంగతి వుంది, ప్రేక్షకులమైన మనం తలచుకోవటానికి కూడా ఇష్టపడనిది. పెళ్లికూతురు వేషంలో వున్న బాలుడు ముసలి పెళ్లికొడుకు ఇంట్లో రాత్రులు గడిపాడు. అక్కడ మనకు నవ్వు ఎందుకు వస్తుంది? లోపల వున్నది మగపిల్లవాడని మనకు తెలుసు గనుక. సుబ్బి అయితే కంట నీరు వచ్చేది. మహేశం గనుక నవ్వు. మగపిల్లవాడికేం భయం అన్న మన పాత నమ్మకం మీద ఆ హాస్యమంతా నిలబడి వుంది. 2012లో వచ్చిన పోక్సో చట్టం ఈ నమ్మకాన్ని ఒప్పుకోలేదు. ఆ చట్టానికి పద్దెనిమిదేళ్లు నిండని ప్రతివాడూ బిడ్డే, ఆడ మగ తేడా లేదు. విద్యాలయంలో పనిచేసేవాడు నేరం చేస్తే శిక్ష మరింత గట్టిది. తెలిసీ చెప్పకుండా వూరుకోవటమూ నేరమే. చట్టం వచ్చింది. తరగతిలో మేము మాత్రం ఆ రంగానికి ఇంకా నవ్వుతూనే వున్నాం.

ఇక కుర్రవాడు మాయమయ్యాక జరిగే హంగామా చూడండి. మధురవాణి కంటె ఏమయిందన్న విషయం మీద పెద్ద తగవే నడుస్తుంది. లుబ్ధావధానులును వురినుంచి తప్పించటమెలాగని ఆలోచిస్తారు. కరటకశాస్త్రి భయమంతా తన మెడకు ఏం చుట్టుకుంటుందోనని. పెద్దవాళ్ల పరువు, పెద్దవాళ్ల ప్రాణం, పెద్దవాళ్ల నగ. పిల్లవాణ్ణి పంపినవాడు ఏ దశలోనైనా ప్రమాదం తలకెత్తుకున్నాడా అంటే, కేసు వచ్చేదాకా లేదు.

ఇదే నాటకంలో రెండవ గురువు గిరీశం. అతని సంగతి ఎక్కువ చెప్పనక్కర లేదు. పూటకూళ్లమ్మకూ అప్పులవాళ్లకూ మొహం చాటెయ్యటానికి శలవుల్లో పాఠం చెబుతాననే మిషతో వెంకటేశం వెంట కృష్ణరాయపురం చేరతాడు. ఆ మనిషి ఎవరు, ఎక్కడి వాడు, పట్నంలో ఎలా బతుకుతున్నాడు, కుర్రవాడికి చుట్ట తాగటం తప్ప ఇంకేమైనా నేర్పాడా అని ఆ ఇంట్లో ఒకరూ అడగరు. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వినబడగానే వెంకమ్మకు కొడుకు గొప్పవాడయిపోయాడు. కోర్టు కాగితాల్లో సాయం దొరకగానే తండ్రి కోపం చల్లారింది. కొడుకు గురువు ఎవరో విచారించని తండ్రి, కూతురు బుచ్చమ్మ లేచిపోయాక గుండెలు బాదుకున్నాడు. బుచ్చమ్మకు చదువు అనే మాట నాటకం చివర పూనాలోని వితంతు శరణాలయం పేరుతో గాని తగలదు. ఇంట్లో గురువు వున్నన్నాళ్లూ ఆమె పాఠానికి బయటే వుంది, అపాయానికి మాత్రం లోపల వుంది.

ఈ మాట నాకు నాటకంలో అన్నిటికన్న ముఖ్యంగా తోస్తున్నది. పాఠానికి దూరంగా వుంచితే క్షేమం దొరుకుతుందని మనకొక భ్రమ. ఆడపిల్లను యాత్రకు పంపని తండ్రిది ఈ భ్రమే, కుంటి కుర్రవాడి పేరు కొట్టేసిన నాదీ ఈ భ్రమే. మా వూరి చాసో రాసిన 'కుంకుడాకు'లో పేదపిల్ల ఆకులు ఏరుకోబోయి దెబ్బలు తింటుంది. ఆ పిల్లను ఏ విహారయాత్రకూ ఎవరూ తీసుకుపోలేదు. దెబ్బ పొలంలోనే తగిలింది.

నిజమే, భయానికి కారణం లేకపోలేదు. 2014 జూన్ 8న హైదరాబాదు ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు హిమాచల ప్రదేశంలో బియాస్ నది ఒడ్డున దిగారు. ఎగువన లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారు. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. ఆ తర్వాత ఏ కళాశాలలో విహారయాత్ర మాట ఎత్తినా ముందు బియాస్ పేరు వస్తుంది. రావలసిందే. కాని మనం దాన్నుంచి నేర్చుకున్నదేమిటి? అచ్చు కాగితం మీద ఒక వాక్యం ఎక్కువ చేర్చుకున్నాం. ఆ కేసులో హైకోర్టు నష్టపరిహారపు భారం విద్యుత్ బోర్డు మీదా, రాష్ట్ర ప్రభుత్వం మీదా మాత్రమే కాక కళాశాల మీద కూడా వేసింది. అంటే సంతకాలు గురువులను కాపాడవు. నది గురించి తెలిసినవాడిని ముందు అడగటం, ఒడ్డుకు దిగే ముందు తలలు లెక్కపెట్టటం, నీళ్లు వదిలేవాళ్లకు పిల్లలు వచ్చారని తెలిసే ఏర్పాటు, ఇవి కాపాడతాయి. వీటిలో ఒక్కదానికీ కాగితంలో చోటు లేదు.

మరొకటి మా పక్కనే జరిగింది. 2022 మార్చిలో కురుపాం గురుకుల పాఠశాలలో రాత్రి నిద్రలో వున్న ముగ్గురు విద్యార్థులను పాము కరిచింది. ఒక పిల్లవాడు చనిపోయాడు. వాళ్లు కొండ ఎక్కలేదు, నదిలో దిగలేదు. బళ్లో పడుకున్నారు. యాత్రకు తండ్రి సంతకం అడిగే మనం వసతిగృహంలో నేల మీద పడుకోబెట్టటానికి ఎవరి సంతకం అడుగుతున్నాం? ఇంటి దగ్గర అన్నం లేక, వూళ్లో బడి లేక పిల్లను గురుకులానికి పంపే కూలివాడికి కాదనే అవకాశం ఎక్కడిది? డబ్బున్నవాడి బిడ్డకు క్షేమం హక్కుగా దొరుకుతుంది. లేనివాడి బిడ్డకు అదృష్టం మీద వదిలేస్తాం. ప్రమాదానికి కూడా వర్గం వుందంటే కొందరికి కోపం వస్తుంది. కురుపాం వెళ్లి చూసి రమ్మనండి.

ఈ చిక్కుకు సాహిత్యంలో మరో దారి చూపిన పుస్తకం నాకు తెలిసినంతలో ఒక్కటే. అది తెలుగులో పుట్టినది కాదు. జపాను రచయిత్రి టెట్సుకో కురొయనాగి 1981లో ప్రకటించిన చిన్ననాటి జ్ఞాపకాలు. తెలుగులో 'రైలుబడి' పేరుతో వచ్చింది. దీన్ని మనవాళ్లు ముద్దు ముద్దుగా వుందని మెచ్చుకుంటారు. నాకది చాలా కటువైన పుస్తకంగా కనిపిస్తుంది. కొబయాషి అనే ఆ ప్రధానోపాధ్యాయుడు 1937లో పాత రైలుపెట్టెల్లో బడి పెట్టాడు; 1945లో బాంబులకు అది తగలబడింది. అక్కడ ఎదుగుదల ఆగిపోయిన పొట్టి కుర్రవాడు ఒకడున్నాడు. ఆటల పోటీలలో ఆ పిల్లవాడు గెలిచేటట్టు ఆటలనే మార్చాడు ఆ పెద్దమనిషి. పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించలేదు. నేను పేరు కొట్టేసిన చోట ఆయన ఆటను మార్చాడు. తేడా అంతా అక్కడుంది.

ఆ పుస్తకంలోనే పోలియో సోకిన స్నేహితుణ్ణి ఆ చిన్నపిల్ల చెట్టెక్కిస్తుంది. నిచ్చెన వేసి, అది చాలక మరో నిచ్చెన ఈడ్చుకొచ్చి, చెయ్యిపట్టి లాగి కొమ్మ మీద కూర్చోబెడుతుంది. పెద్దవాళ్లకెవరికీ తెలియదు. ఈ ఘట్టం చదివి కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లతో నాకు కొంచెం పేచీ వుంది. ఆ పిల్లవాడు పడి వుంటే? రచయిత్రి కూడా ఆ భయాన్ని దాచలేదు. ఇద్దరు పసివాళ్లు ఒంటరిగా ఆ సాహసం చెయ్యవలసి రావటం పెద్దవాళ్ల వైఫల్యం. చెట్టు కింద ఒక పెద్దవాడు నిలబడి వుండవలసింది, వద్దనటానికి కాదు, నిచ్చెన పట్టుకోవటానికి. క్షేమమంటే నాకర్థమైనది ఇది.

మరొక చోట, తరగతిలో తోకల మాట వచ్చి ఉపాధ్యాయురాలు నవ్వులాటకు ఆ పొట్టి కుర్రవాణ్ణి నీకు తోక వుందా అని అడుగుతుంది. ప్రధానోపాధ్యాయుడు ఆమెను పిల్లల ముందు కాక వేరుగా వంటింట్లో నిలబెట్టి చీవాట్లు పెడతాడు. ఇది చదివినప్పుడు నాకు సిగ్గు వేసింది. 'నాను' అన్న పిల్లవాణ్ణి 'నేను' అనమని తరగతి అంతా నవ్వేట్టు దిద్దినవాళ్లలో నేనూ వున్నాను. సీతంపేట వైపు నుంచి వచ్చే సవర పిల్లలు కళాశాలలో నోరెందుకు విప్పరో ఆశ్చర్యపడినవాళ్లలోనూ వున్నాను. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి సవరవాణ్ణి ఇంట్లో పెట్టుకొని ఆ భాష నేర్చుకున్నాడు. సొంత ఖర్చుతో సవరలకు బడులు పెట్టాడు. వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే పాఠం చెప్పాలన్నాడు. ఏటా ఆయన జయంతికి దండ వేసే తెలుగు శాఖలు ఆయన నేర్చుకున్నట్టు నేర్చుకున్నాయా? దెబ్బ తగిలినా కడుపునొప్పి వచ్చినా చెప్పటానికి మాట రాని పిల్లకు ఏ క్షేమమూ లేదు. భాష ఇక్కడ సంస్కృతి విషయం కాదు, ప్రాణం విషయం.

మన సంఘాలకూ ఇందులో వాటా వుంది. మంచి ఆశయం కోసం వీధినాటకానికీ వూరేగింపుకూ పిల్లలను తీసుకుపోయినప్పుడు, రాత్రి వాళ్లు ఎక్కడ పడుకుంటారో ఎన్నిసార్లు అడిగాం? ఆశయం మంచిదైతే చాలుననుకోవటం కరటకశాస్త్రితో పోలేదు. అతను మనలో చాలామందికి దగ్గరి బంధువు.

నిరుడు మళ్లీ రామతీర్థం వెళ్లాం. అచ్చు కాగితం ఈసారీ వచ్చింది. దాన్ని కాదనే అధికారం నాకు లేదు. దాని వెనక మాత్రం ఎవరికి ఏ మందు అవసరమో, ఎవరిని పిలవాలో రాసుకున్నాం. బస్సు డబ్బులు శాఖలో వాళ్లం వేసుకున్నాం. ఇద్దరు తండ్రులు ఇంటికి వెళ్లి అడిగినా కూతుళ్లను పంపలేదు. పాఠం దిగువన, గుడి దగ్గర చెట్టు కింద చెప్పాను. శిథిలాల పటాలు కింద పరిచి చూపించాం. పైకి వెళ్లగలిగినవాళ్లు పదేసిమంది చొప్పున ఇద్దరు అధ్యాపకులతో వెళ్లివచ్చారు. కాలు పట్టులేని కుర్రవాడు అప్పటికి ఆఖరి సంవత్సరంలో వున్నాడు. ఎత్తు తక్కువ వున్న మేరకు స్నేహితుల భుజం పట్టుకొని ఎక్కి, ఇంక చాలన్న చోట తానే ఆగి, కిందికి దిగివచ్చాడు.

భోజనాలయ్యాక కన్యాశుల్కం చదివించాను. శిష్యుడి మాటలు అతనే చదువుతానన్నాడు. బేరం రంగం దగ్గర ఎప్పటిలా నవ్వులు లేచాయి. అప్పుడు వెనక వరసలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి అడిగింది.

"మాస్టారూ, ఆ అబ్బాయికి అమ్మ లేదాండీ? ఆవిడకి సెప్పేరా ఎవరైనా?"

నాటకమంతా వెతికినా ఆ తల్లి రంగం మీదికి రాదని చెప్పాను. అయితే ఎవరు చెప్పాలి అని ఆ పిల్ల మళ్లీ అడిగింది. పుస్తకం చేతిలో వున్న కుర్రవాడు చదవటం ఆపి నా వైపు చూశాడు.